తద్భవ బుల్లెట్టు

పరాయి మాట ఏదైనా మన ఊళ్ళో అడుగు పెట్టిందంటే దాన్ని ఉన్నదున్నట్టుగా ఉండనివ్వం. చివర ఒక అచ్చు తగిలించి, కోసులు అరగదీసి, మన నోటికి అనువుగా మలచుకొంటాం. లాంతరు అలా వచ్చిందే. బుల్లెట్టూ అలా వచ్చిందే. తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ణి గనుక మోటారు సైకిలును చూసినా నాకు వ్యాకరణమే గుర్తుకు వస్తుంది. పాఠకులు మన్నించాలి.

బుల్లెట్టు పుట్టిల్లు ఇంగ్లండులోని రెడిచ్ పట్టణం. మన సైన్యానికి సరిహద్దు కాపలాకు ఆ బండి నచ్చడంతో 1955లో మద్రాసులో దాని తయారీకి ఏర్పాటు జరిగింది. తరువాత అక్కడి కంపెనీ మూతపడినా మద్రాసులో పని ఆగలేదు. అంతవరకు అందరికీ తెలిసిన కథే. అయితే ఆ దొరగారి బండి మన దేశంలో చివర తగిలించుకొన్న అచ్చు ఏది? వెనక చక్రానికి ఎడమవైపున ఉండే ఇనుప చట్రం. చీరె గార్డు!

పాత బుల్లెట్టుకు గేరూ, కిక్కూ కుడివైపు. బ్రేకూ, వెనక గొలుసూ ఎడమవైపు. మన ఆడవాళ్ళు కాళ్ళు రెండూ ఎడమ పక్కకే వేసి కూర్చుంటారు. అంటే చీరె కుచ్చెళ్ళు వేలాడేది సరిగ్గా గొలుసు పక్కన, చక్రం ఊచల పక్కన అన్నమాట. ఒక్క కొంగు చిక్కుకొంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందుకే 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 123వది, వెనక కూర్చునేవారికి చేతిపట్టు, కాలు పెట్టుకొనే మెట్టు ఉండాలనీ, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పు ఉండాలనీ అంటుంది. చట్టం చీరె కట్టిన ఆడమనిషిని తలచుకొన్న అరుదైన సందర్భాలలో ఇదొకటి.

నేనూ ఒక పాత బుల్లెట్టు కొని, రాజమండ్రిలోనే ఒక మెకానిక్కు చేత నాకు అనువుగా మార్పులు చేయించుకొన్నాను. నా పొడుగు తక్కువ. సీటులో స్పాంజి కోయించి కొంత దించాను. భుజాలు లాగుతున్నాయని హేండిలును నా వైపుకు వంచిన రకం వేయించాను. "ఇంకాస్త వెడల్పుది వేస్తే దర్జాగా ఉంటదండి మేష్టారూ" అన్నాడతను. నరసాపురం దగ్గర సఖినేటిపల్లి రేవుకు పంటు మీద బండితో దాటినవాళ్ళకు తెలుసు, రెండు బండ్ల నడుమ మనిషి దూరడానికి జానెడు చోటుంటే గొప్ప. నా దర్జా పక్కవాడి డొక్కలో పొడవకూడదని వద్దన్నాను.

ఇంజను జోలికి మాత్రం పోలేదు. డెబ్బై మిల్లీమీటర్ల వెడల్పు సిలిండరులో పిస్టను తొంభై మిల్లీమీటర్లు దిగి పైకి వస్తుంది. ఆ పొడుగాటి నడక వల్లనే తక్కువ వేగంలో కూడా బరువు లాగగలదు. ఆ నెమ్మది చప్పుడూ అందుకే. సైలెన్సరు మార్చి ఆ చప్పుడును పిడుగు చేయడమంటే భాగవతార్ చేత పెడబొబ్బలు పెట్టించడమే. పైగా బండి వివరాలు రిజిస్ట్రేషను పత్రానికి భిన్నంగా మారిపోయేలా ఏ మార్పూ చేయరాదని 1988 నాటి చట్టం 52వ సెక్షను ఉండనే ఉంది.

యుద్ధం నుంచి తిరిగివచ్చిన అమెరికా కుర్రకారు బరువు తగ్గాలని మడ్‌గార్డులు కోసేశారు. ఇంగ్లండు కుర్రవాళ్ళు హేండిలు కిందికి దించి, ఒంటి సీటు వేసి కాఫీ హోటళ్ళ మధ్య పందాలు కాశారు. వారి దారులు వారివి, వారి సరదా వారిది. ఆ బొమ్మలే ఇప్పుడు మన పిల్లల ఫోనుల్లోకి వస్తున్నాయి. బొబ్బర్లంక నుంచి కాలవగట్టు మీద వచ్చే కుర్రవాడికి కూడా ఒంటి సీటే కావాలి. ఇది తద్భవాన్ని మళ్ళీ తత్సమం చేయడం.

మా విద్యార్థి ఒకడు తండ్రి వాడిన బండిని అలాగే చేయించాడు. తండ్రి ఇప్పుడు లేడు. మడ్‌గార్డు పొట్టిదైంది, వెనక మెట్లు పోయాయి, చీరె గార్డు పోయింది. బండి చూడముచ్చటగా ఉంది, అబద్ధమాడను.

"మీ అమ్మగారు ఎక్కడ కూర్చుంటారోయ్?" అని అడిగాను.

"అమ్మ బస్సుకే వెడుతోందండి. గట్టు దాకా నడుస్తానని తనే అందండి."

ఆవిడ పక్క ఊరి బడిలో పంతులమ్మ. ఇరవై ఏళ్ళు ఆ వెనక సీటు మీదే వెళ్ళి వచ్చిన మనిషి. బండి ముస్తాబయి వచ్చిన నాటి నుంచి రోజూ రెండు కిలోమీటర్లు నడుస్తోంది. కుర్రవాడు చెడ్డవాడు కాడు, తల్లి అంటే ప్రాణం. ఆవిడ అడగలేదు, వాడికి తట్టలేదు. మన ఇళ్ళలో సగం సంగతులు ఇలాగే నడుస్తాయి.

నేను ఉపన్యాసం ఇవ్వలేదు. కొత్త నలుపు రంగు బాగుందన్నాను, ముందు దీపం బాగుందన్నాను. వారం తిరక్కుండా వాడు నా మెకానిక్కు దగ్గరకే వెళ్ళాడు. షెడ్డు వెనక చీరె గార్డులు గుట్టగా పడివున్నాయట. అన్నీ కుర్రకారు విప్పించి పారేసినవే. వాటిలో సరిపోయేది వెతికి, వెల్డింగు పెట్టి, పొడుగు సీటూ మెట్లూ తిరిగి బిగించేసరికి సాయంత్రమైంది. రంగు, దీపం మాత్రం వాడి ఇష్టప్రకారమే ఉంచుకొన్నాడు. ఉంచుకోవలసిందే, వయసు అలాంటిది.

"ఊడదీయడానికీ కూలే, బిగించడానికీ కూలేనండి. మాకేం నష్టం లేదండి, ఆయ్!" అని మెకానిక్కు నవ్వాడు. మీ ఇంట్లో ఎవరైనా పాత బండికి ముస్తాబు చేయించబోతుంటే, స్పానరు పట్టకముందు ఆ వెనక సీటు మీద ఇన్నాళ్ళూ కూర్చున్నవారిని ఒక్క మాట అడగమనండి. ఒకసారి ఊడదీసే కూలీ, ఒకసారి బిగించే కూలీ కలిసివస్తుంది.