విషముకంటె ముందు వార్త

నదికి ఎల్లలు లేవు. ఎగువవారు విడిచిన మాలిన్యమును దిగువవారు త్రాగవలసివచ్చుచున్నది. ఈ సత్యమును ఐరోపావారు నష్టపడి నేర్చుకొనిరి.

1986 నవంబరు 1వ తేదీని స్విట్జర్లాండులో బాసెల్ నగరము చెంత రసాయనముల గిడ్డంగి యొకటి తగులబడెను. మంటల నార్పిన నీటితో పురుగుమందులు రైను నదిలోఁ గలిసెను. చేపలు కుప్పలుగాఁ జచ్చెను. తీరదేశములకు 1950 నుండి ఉమ్మడి సంఘ ముండియు, దిగువవారికి వార్త ఆలస్యముగానే చేరెను.

డాన్యూబు తీరదేశములు 1997 నుండి ప్రమాదసూచనల వ్యవస్థను నడపుచున్నవి. 2000 జనవరి 30వ తేదీని రుమేనియాలో బంగారము తీయు కర్మాగారపు వ్యర్థజలముల కట్ట తెగి, సుమారు 1,00,000 ఘనపు మీటర్ల సయనైడు నీరు నదులఁ బడెను. విషము సరిహద్దు దాటక మున్నే హంగరీకి వార్త యందెను. టిస్సా నదిలోని చేపలు దక్కలేదు గాని, జనులు జాగ్రత్తపడుటకు వ్యవధి దొరకెను. వార్త నీటిని శుద్ధి చేయదు, దాహముగొన్నవానిని హెచ్చరించును.

మన మాటేమి? కృష్ణ నాలుగు రాష్ట్రముల నది. హైదరాబాదు మురుగును మోయు మూసీ వాడపల్లి యొద్ద దానిలోఁ గలియుచున్నది. కృష్ణాజలముల పంపకమునకు 1969 లోనే న్యాయమండలి యేర్పడెను. నీటిని కొలిచి పంచుకొనఁగోరు ప్రభుత్వములు అందలి మాలిన్యమును గూడఁ గొలిచి, ఆ లెక్కలను ఏనాటి కానాడు దిగువ గ్రామములకుఁ దెలుపవలెనని మేము కోరుచున్నాము. మాలిన్యపు వార్తను దాచుట త్రాగువాని కన్యాయము చేయుటయే.