మురవ్వత్‌లో పెట్టిన దస్తఖత్

మా ఖాందాన్‌లో నెలనెలా బ్యాంకులో జీతం పడే మనిషిని చాలాకాలం నేనొక్కణ్ణే. అందుకే ఎవరింట్లో జమానత్ మాట వచ్చినా కళ్లన్నీ నా వైపే తిరిగేవి. కాదనడం నాకు చేతనయ్యేది కాదు. మురవ్వత్ అంటాం కదా, అదే. ఎదుటి మనిషి ముఖం చూసి నోరు పెగలకపోవడం.

2012లో మా ఆపా కొడుకు ఉస్మానియాలో పీజీలో చేరాడు. హాస్టల్ దొరకలేదు. తార్నాకలో గది కోసం గల్లీ గల్లీ తిరిగాం. మీకు చెప్పాల్సిన పని లేదు. టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే గది ఖాళీగానే ఉంటుంది. పేరు చెప్పగానే ‘ఇప్పుడే ఎవరో అడ్వాన్స్ ఇచ్చిపోయిన్రు’ అంటారు. ఐదో ఇంటాయన మాత్రం ఒప్పుకున్నాడు. “పిల్లగాడు నాకు తెల్వదు సార్. మీరు పేపర్ల పని చేస్తరు గదా, జిమ్మేదారీ మీరు తీసుకోండి” అన్నాడు. పదకొండు నెలల కిరాయి కాగితం మీద జామీనుదారుగా దస్తఖత్ చేశాను. భాంజా రెండేళ్లూ ఆ గదిలోనే ఉన్నాడు. ఒక్క నెల కిరాయి ఆపలేదు. ఆ దస్తఖత్ నాకు ఒక్క పైసా ఖర్చు పెట్టించలేదు.

2014లో వాడికి బెంగళూరులో మేనేజ్‌మెంట్ కోర్సులో సీటొచ్చింది. ఆరు లక్షల ఎడ్యుకేషన్ లోన్ కావాలి. దూల్హాభాయి అప్పటికే లేరు. లోన్‌లో వాడి పక్కన ఆపా పేరు రాశారు. నాలుగు లక్షలు దాటింది కాబట్టి మూడో మనిషి జమానత్ కావాలన్నారు. “మామూ, ఒక్క దస్తఖత్ అంతే” అన్నాడు భాంజా. తార్నాక కాగితం మీద చేసినట్టే దీని మీదా చేసేశాను. చదవలేదు. ఉర్దూ మీడియంలో పదో తరగతి దాటి, ఆర్ట్స్ కాలేజీలో తెలుగు ఎమ్మే చేసి, రోజూ అక్షరాలతో రోటీ సంపాదించుకునే నేను ఆ ఇంగ్లీషు కాగితాల్లో ఒక్క పేజీ కూడా చదవలేదు.

2019లో మేం హబ్సీగూడ దగ్గర చిన్న ఫ్లాట్ చూసుకుని, యాభై వేలు బయానా ఇచ్చాం. అందులో సగం మా బేగం కంగన్లు అమ్మగా వచ్చిన డబ్బు. హోమ్ లోన్ కోసం వెళ్తే ఆఫీసరు, “మీకింకో లోన్ ఉంది కదా సార్” అన్నాడు. లేదన్నాను. స్క్రీన్ నా వైపు తిప్పాడు. భాంజా లోన్ అది. పక్కన నా హోదా గ్యారంటర్. నాలుగు నెలల కిస్తులు బకాయి. వాడి కంపెనీ మూతపడింది, షరమ్‌తో వాడు ఆ సంగతి ఆపాకు కూడా చెప్పలేదు. బకాయి కట్టించి ఆరు నెలల తర్వాత రమ్మన్నారు. ఫ్లాట్ వేరేవాళ్లకు పోయింది. బయానా తిరిగి రాలేదు.

ఆ రోజు నాకు తెలిసిందేమిటంటే, రెండు చోట్లా జమానత్ ఒకటే అయినా రెండు కాగితాలూ ఒకటి కావు. కిరాయి కాగితం మకాన్‌దార్‌కీ మనకూ మధ్య మామ్లా. క్రెడిట్ బ్యూరోలకు లెక్కలు పంపేది బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు. ఇంటి యజమాని కాదు. కిరాయి ఆగితే ఆయన మనల్ని అడగొచ్చు, అదాలత్‌కూ పోవచ్చు. అంతేగాని ఆ కాగితం మన సిబిల్ రిపోర్టుకు ఎక్కదు. బ్యాంకు జమానత్ అలా కాదు. అది మన పేరు మీద ఒక ఖాతాగానే నమోదవుతుంది. వాళ్లు సరిగ్గా కడుతున్నా, మనం లోన్‌కి వెళ్లినప్పుడు బ్యాంకు ఆ కర్జ్‌నూ మన నెత్తిన ఉన్న బరువుగా చూసి, ఇచ్చే మొత్తం తగ్గించవచ్చు. వాళ్లు కట్టకపోతే 300 నుంచి 900 దాకా ఉండే స్కోరులో మనదీ పడిపోతుంది.

‘ముందు వాణ్ణి అడగాలి కదా’ అనుకుంటాం. ఖానూన్ అలా అనడం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, కాగితంలో వేరే షరతు లేకపోతే, కర్జ్ తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామిన్ బాధ్యతా అంతే. ముందు అతని వెంటపడి, ఆ తర్వాతే జామిన్ దగ్గరికి రావాలన్న నియమం బ్యాంకుకు లేదని సుప్రీంకోర్టు 1968లోనే తేల్చింది. మనం కట్టిన సొమ్మును తర్వాత అతని దగ్గర వసూలు చేసుకునే హఖ్ 145వ సెక్షన్ మనకిస్తుంది. కాని సొంత భాంజా మీద దావా వేసే మామూ ఎక్కడున్నాడు?

మన దీన్‌లో ఇది కొత్త మాట కాదు. కర్జ్ మిగిల్చి పోయిన ఒక మనిషి జనాజా నమాజ్ చదివించడానికి రసూలుల్లా (స) ముందుకు రాలేదు. ఆ కర్జ్ నా జిమ్మా అని అబూ ఖతాదా (రజి) నిలబడ్డాకే చదివించారు. జమానత్ బరువు అంతటిది. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ కర్జ్‌ను రాసి పెట్టుకోమని చెప్పేదే. మనమేమో రాయడం అంటే యకీన్ లేకపోవడం అనుకుంటున్నాం.

ఎవరికీ దస్తఖత్ చేయొద్దని మా బేగం అంటుంది. ఆమె గుస్సా న్యాయమైనదే. కాని నేను ఒప్పుకోను. ఆ రోజు నేను నిలబడకపోతే తార్నాకలో నా భాంజాకు గది దొరికేది కాదు. పేరు విని తలుపు మూసే ఊళ్లో మనవాళ్లకు మనమే జామిన్ కాకపోతే ఇంకెవరవుతారు? జమానత్ మానేయొద్దు. మురవ్వత్‌లో చేయడం మానేయాలి.

కాబట్టి పిల్లవాడు కాగితం పట్టుకొస్తే ముందు చాయ్ ఇచ్చి కూర్చోబెట్టండి. ఇది కిరాయి కాగితమా, లోన్ కాగితమా అడగండి. కిరాయి జమానత్ అయితే ఎన్ని నెలలకో, ఎంత రకమ్‌కో రాయించండి. గడువు అయిపోతే మకాన్‌దార్‌కు రాతలో చెప్పి తప్పుకోండి. లోన్ అయితే జమానత్ లేకుండా దొరికే దారి చూడండి. 2024 నవంబరులో కేంద్రం మంజూరు చేసిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో మెరిట్ మీద సీటొచ్చినవాళ్లకు జామిన్ అక్కర్లేదు. ఆ దారి లేక దస్తఖత్ చేయాల్సి వస్తే, ఆ కర్జ్ మీదే అనుకుని చేయండి. వేరే జామిన్‌ని చూపించినా, బ్యాంకు ఒప్పుకోకుండా మధ్యలో బయటపడలేరు. పిల్లవాడి లోన్ ఖాతా వివరాలు మీ ఫోన్లో కూడా కనిపించేలా చూసుకోండి. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం నాలుగు క్రెడిట్ బ్యూరోలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తెప్పించి చూసుకోండి.

భాంజా ఇప్పుడు కిస్తులన్నీ తీర్చేశాడు. మేం మాత్రం ఇంకా కిరాయి ఇంట్లోనే ఉన్నాం. మొన్న మా ఊరి పిల్లవాడొకడు తార్నాకలో గది కోసం నా దస్తఖత్ అడిగాడు. చేశాను. ఈసారి పదకొండు నెలలకే అని, మూడు నెలల కిరాయికి మించి కాదని రాయించి, చదివి చేశాను. పిల్లవాడు కాస్త నొచ్చుకున్నట్టున్నాడు. మకాన్‌దార్ మాత్రం “ఇట్ల రాసుకుంటేనే మంచిగుంటది సార్” అన్నాడు.