కార్యాలయములలో క్రొత్త పరిభాష

ప్రతి వృత్తికిని తనదైన పరిభాష యుండుట సహజము. తిరుమలలో 'పోటు' అనగా ప్రసాదములు తయారుచేయు తావు. 'దిట్టము' అనగా ఏ సరకు ఎంత వేయవలెనో నిర్ణయించిన కొలత. 'పరకామణి' అనగా హుండీ కానుకలను లెక్కించు చోటు. శ్రీకాళహస్తి కలంకారి పనివారికిని, నగరి మగ్గముల వారికిని ఇట్టి మాటలు ఎన్నియో కలవు. ఇవి క్రొత్తవానికి తెలియకపోవచ్చును. కాని ఒక్క దినము దగ్గఱ కూర్చుండి చూచినచో బోధపడును. ఏలయన, ప్రతి మాట వెనుకను ఒక వస్తువో, ఒక పనియో, ఒక కొలతయో కలదు. దిట్టము తప్పినయెడల ఎవరు తప్పించిరో అడుగవచ్చును.

నేడు మన కార్యాలయములందును కర్మాగారములందును వ్యాపించుచున్న పరిభాష ఇట్టిది కాదు. అలైన్‌మెంటు, సినర్జీ, డెలివరబుల్, స్టేక్‌హోల్డరు—ఈ మాటలు వినినప్పుడు సమావేశమున అందఱును తల యూపుదురు. వెలుపలికి వచ్చిన పిమ్మట ఏమి నిశ్చయమైనదని ఒకరినొకరు అడుగుదురు. తీరిక లేదనుటకు మాఱుగా 'బ్యాండ్‌విడ్తు లేదు' అందురు. యంత్రములకు చెల్లు కొలత మనుష్యునకు అంటగట్టబడినది. ఉత్తరము చెప్ప నిష్టము లేనిచో 'సర్కిల్ బ్యాక్ చేసెదము' అందురు. ఇది నవ్వి విడువదగిన వింత మాత్రమేయైనచో మేమిందులకు ఈ పుటను వెచ్చింపకుందుము.

హాని వేఱొకచోట నున్నది. పని నుండి తొలగింపబడిన వానికి 'తొలగించితిమి' అని చెప్పరు, 'రైట్‌సైజింగ్' జరిగినదందురు. చేసినవాడు లేడు, పడినవాడు లేడు. వానలు కురిసినట్లు, ఎండలు కాసినట్లు అది తనంతట తాను జరిగినదట! కాని 'తొలగింపు' అను మాటకు చట్టమున బరువున్నది. పారిశ్రామిక వివాదముల చట్టమున 1953లో చేర్చిన నియమము ప్రకారము, ఒక సంవత్సరము ఎడతెగక పనిచేసిన కార్మికుని తొలగించుటకు ఒక నెల నోటీసో, దానికి బదులు జీతమో యీయవలెను. పనిచేసిన ప్రతి సంవత్సరమునకును 15 దినముల వేతనము పరిహారముగా చెల్లింపవలెను. 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతియు ఈ కట్టడిని నిలుపుకొన్నది. పేరు మార్చినంతమాత్రమున బాధ్యత తీరదు, నిజమే. కాని తనకు జరిగినదేమో తెలియనివాడు తనకు రావలసిన దానిని ఎట్లు అడుగును?

పరభాషా పదములపై ద్వేషముచే మేమిట్లు వ్రాయుచున్నామని కొందఱనవచ్చును. అట్లు కాదు. కిస్తు, ఫసలీ, జమాబంది మనవి కావు. తుదకు 'రైతు' అను మాటయు అరబ్బీ నుండి వచ్చినదే. కచేరీలలో వాడుకయందున్న ఇట్టి మాటలకు బ్రౌను దొర 1852లో 'జిల్లా నిఘంటువు'ను ప్రకటించెను. వానికి నిశ్చితార్థములు కలవు గనుకనే నిఘంటువు సాధ్యమైనది. అయినను ఆ నిఘంటువే మఱియొక సత్యమును చాటుచున్నది: పాలించువాని మాట పాలితునకు తెలియనిచోట, నడుమ నిలిచి అర్థము చెప్పువాడే ప్రభువగును. నేటి పరిభాషకు ఆ అర్థము చెప్పువాడును లేడు.

ఇది ఇంగ్లీషు గొప్పతనమును కాదు. ఆ భాష పుట్టినచోటనే దీనిపై పోరు సాగినది. బ్రిటిషు ఖజానా శాఖ కోరగా ఎర్నెస్టు గవర్సు అధికారులకు సరళముగా వ్రాయుట నేర్పుచు 1948లో ఒక పుస్తకము రచించెను. అమెరికాలో 2010లో ఇందులకై చట్టమే చేసిరి. వారు పాఱవేయజూచుచున్న దానిని మనము తలకెత్తుకొనుట యేల?

మన సీమకు ఈ విషయమున ప్రత్యేకమైన బాధ్యత కలదు. భాషను ముఖ్యముగా పాటించి 1960 ఏప్రిల్ 1న తిరుత్తణిని మదరాసునకు విడిచితిమి. సత్యవేడు ప్రాంతమును పొందితిమి. ఆ సత్యవేడు సీమలోనే నేడు శ్రీసిటీ పారిశ్రామిక నగరము వెలసియున్నది. అక్కడ మొదలు రేణిగుంట వఱకు పల్లెల బిడ్డలు వేకువనే బస్సులెక్కి పనులకు పోవుచున్నారు. ప్రజల మాట కొఱకు ఎల్లలనే మార్చుకొన్న నేలపై, ఏ ప్రజలును మాటలాడని భాష పెత్తనము చేయరాదు.

మేము కోరునది స్వల్పము. నియామకము, బదిలీ, తొలగింపు, ప్రమాద నివారణ—వీనికి సంబంధించిన ప్రతి కాగితమును తెలుగున, అవసరమైనచోట తమిళమున, పనివానికి తెలియు మాటలలో ఈయవలెను. సమావేశములలో కూర్చుండు విద్యావంతులు సిగ్గు విడిచి మూడు ప్రశ్నలు వేయవలెను: ఏమి చేయుదము? ఎవరు చేయుదురు? ఎప్పటిలోగా? ఈ మూటికి ఉత్తరము రానిచో ఆ సభ జరుగనట్లే యెంచవలెను. అర్థము కాలేదని చెప్పుట అజ్ఞానము కాదు. అర్థము కాకున్నను తల యూపుటయే దాస్యము.