ట్రాలీకి బ్రేకులేవి?

పొగమంచుని తిట్టకండి తమ్ముళ్ళూ. డిసెంబరులో అనంతగిరి ఘాట్ రోడ్డు తెల్లవార్లూ తడిసి జారుతుందని మనకి కొత్తా? మరి లోడు ట్రాలీతో దిగేటప్పుడు డీజిల్ మిగుల్తాదని న్యూట్రల్ కొట్టడమేంటి? మన ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులే లేవు. ముందు ట్రాక్టరు ఆగినా వెనక బరువు ఆగదు, మలుపులో తోసి అడ్డం తిప్పేస్తుంది. ఎక్కిన గేరులోనే దిగాలి. దుక్కిలో విడగొట్టిన రెండు బ్రేకు పెడళ్ళనీ రోడ్డెక్కే ముందు కలిపి లాక్ చెయ్యాలి, ఒక్కటే తొక్కితే బండి ఆ పక్కకి లాగేస్తుంది. ఇవి తెలియక కాదు, బద్ధకం.

పైగా శుక్రవారం అరకు సంతకి అదే ట్రాలీలో జనాన్ని ఎక్కిస్తారు. అడిగితే ఆ వేళకి బస్సు లేదుగా అంటారు. లేదు, నిజమే. మనిషికింతని తీసుకుంటున్నారుగా, అందులోంచి బ్రేకు పెట్టించండి. అప్పటిదాకా మా ఇంటోళ్ళు మీ బండెక్కరు.