వీధి ఎవరిది?

ఊరేగింపు మనకు క్రొత్త గాదు. దేవుడు ఊరేగును, పెండ్లికొడుకు ఊరేగును, ఎన్నికలలో గెలిచినవాడు ఊరేగును. కాని ఆడ, మగ అను కట్టుబాటునకు, లోకము విధించిన ప్రేమమర్యాదకు ఒదుగనివారు సగర్వముగా ఊరేగినచో, ‘ఇది వీధిలో చాటుకొనవలసిన విషయమా?’ అని పెద్దలు కొందరు నొచ్చుకొందురు.

దీనికి సమాధానము చరిత్రయే చెప్పుచున్నది. 1919 నాటి హైదరాబాదు రాజ్య శాసనము ప్రకారము, పట్టీకెక్కిన హిజ్రా స్త్రీవేషముతో వీధిలో కనిపించినచో వారంటు లేకయే నిర్బంధింపవచ్చును. 1969లో న్యూయార్కులో పోలీసుల దాడిని ఎదిరించిన ఘటనకు ఏడాది నిండగా, 1970 జూన్ 28న అచట తొలి ఊరేగింపు సాగినది. 1999లో కలకత్తాలో పదునైదుగురు నడచిరి. 2013లో హైదరాబాదులోను నడచిరి. నాటికిని ఆ పాత శాసనము రద్దు కాలేదు. 2023లో గాని తెలంగాణ ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేయలేదు. వీధియే నేరమైనచోట వీధిలో నడచుటయే వాదము.

గుంటూరు సీమ బడులలో తిక్కన విరాటపర్వమును చెప్పునపుడు, ఉత్తరకు నాట్యము నేర్పిన బృహన్నలను ఎవరును ఎగతాళి చేయరు. అదే గదిలో, నడకను బట్టియు గొంతును బట్టియు తోటివారు వెక్కిరించిన బాలుడు తలవంచుకొని కూర్చుండినచో, ఆ పాఠము ఎవరికొరకు? వాడు బడి వీధిలో తలయెత్తి నడచునట్లు చేయగలవాడు ఉపాధ్యాయుడే.