తిథి లేని అతిథి

‘అతిథి’ అనే మాటను తెలుగువారు నేడు ఇంటికి వచ్చిన చుట్టానికీ, సభకు విచ్చేసిన పెద్దకూ వాడుతున్నారు. ముందుగా కబురు చేసి, చెప్పిన వేళకు వచ్చే ఇటువంటి అతిథులకు స్వాగతం పలకడం కష్టమైన పని కాదు. పూర్వులు ఆ మాటకు చెప్పిన అర్థం వేరు. తిథి నియమం లేకుండా వచ్చేవాడు అతిథి. ఎప్పుడు వస్తాడో తెలియదు. ఎవరో కూడా తెలియకపోవచ్చు. ఈ వ్యుత్పత్తిలో గొప్ప లోకానుభవం ఇమిడి ఉంది. అపరిచితుడు ఎదుటివారి తీరిక చూసుకొని రాడు. అతనికి అవసరం కలిగిన వేళే అతడు వచ్చే వేళ. కనుక అపరిచితుని పట్ల దయ చూపదలచిన వానికి ధనబలం కంటే, దేహబలం కంటే ముందుగా ఉండవలసినది తన సమయంలో కొంత వదులుకోగల ఓర్పు.

ఈ ఓర్పుకు పరీక్ష ప్రతిదినం జరుగుతూనే ఉంటుంది. బస్టాండులో ఒక వృద్ధురాలు “బాబూ, ఈ బస్సు మా ఊరి మీదుగా పోతుందా?” అని పక్కనున్న యువకుణ్ణి అడుగుతుంది. అతడు ఫోను మీది చూపు మరల్చకుండానే “బోర్డు చూసుకోండి” అంటాడు. ఆ మాటలో అసత్యం లేదు. దుర్భాష అంతకన్నా లేదు. కాని చదువురాని మనిషికి బోర్డు చూపడం దారి చూపడం కాదు. బ్యాంకులో డబ్బు తీసుకొనే ఫారం చేత పట్టుకొని, అది నింపిపెట్టేవారి కోసం వెతికే రైతుకూ, ఆసుపత్రిలో ఏ గదికి పోవాలో తెలియక చీటీతో తిరుగాడే రోగికీ ఎదురయ్యే అనుభవం ఇటువంటిదే. ఆ చోట్ల ఉన్నవారిలో క్రూరులు అరుదు. తొందరలో ఉన్నవారే అధికం.

తొందర దయను ఎంతగా అణచివేయగలదో తెలిపే ప్రసిద్ధ పరిశోధన ఒకటి ఉంది. డార్లీ, బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దానిని అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో నిర్వహించి 1973లో ప్రకటించారు. మత బోధకులు కావడానికి చదువుతున్న విద్యార్థులను ఒక భవనం నుండి మరొక భవనానికి వెళ్ళి చిన్న ప్రసంగం చేయవలసిందిగా కోరారు. వారిలో కొందరికి ఇచ్చిన అంశం, బైబిలులోని మంచి సమరయుని కథ. దారిలో గాయపడి పడి ఉన్న అపరిచితుణ్ణి ఆదుకొన్న బాటసారి కథ అది. విద్యార్థులు నడిచే దారిలో ఒక మనిషి తలవాల్చి, దగ్గుతూ, మూలుగుతూ కూర్చొని ఉండేటట్లు ముందుగానే ఏర్పాటు చేశారు. వ్యవధి ఉందని తెలిసిన విద్యార్థులలో నూటికి 63 మంది చొప్పున ఆగి సహాయపడ్డారు. ఆలస్యమైందని హెచ్చరించి పంపిన వారిలో నూటికి 10 మంది చొప్పున మాత్రమే ఆగారు. దయను గురించి ప్రసంగించడానికి వెళుతున్నామన్న స్పృహ కూడా వారి నడవడిలో చెప్పుకోదగిన మార్పు తేలేదు.

ఆ విద్యార్థులు దయాహీనులని తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఈ పరిశోధన నేర్పే పాఠం మరొకటి. దయ హృదయంలో ఉన్నంత మాత్రాన చాలదు. అది బయటకు రావడానికి దినచర్యలో కొంత చోటు కావాలి. పది నిమిషాల ముందు ఇల్లు కదిలినవాడు దారి అడిగినవానికి నిలిచి సమాధానం చెప్పగలడు. ఆఖరి క్షణంలో పరుగెత్తేవాడు, స్వభావం చేత ఎంత మంచివాడైనా, ఆ మాట వినిపించుకోలేడు. ఈ విధంగా చూసినప్పుడు వేళకు ముందుగా బయలుదేరడం కూడా ఇతరుల పట్ల చూపే ఒక మర్యాదే అవుతుంది.

ఈ సత్యం తెలుగునాట పెద్దలకు తెలియనిది కాదు. వేసవి రాగానే బాటల పక్కన వెలసే చలివేంద్రాలే ఇందుకు తార్కాణం. దాహంతో వచ్చేవాడు ఎవరో తెలియకముందే పందిరి వేసి, కుండలలో నీరు నింపి ఉంచుతారు. అతని ఊరు, పేరు అడిగిన తరువాత నీరు పోయాలనే నియమం అక్కడ ఉండదు. దూరప్రయాణికుల కోసం కట్టించిన సత్రాలలోనూ ఇదే ముందుచూపు కనిపిస్తుంది.

ఆ సంస్కారానికి నిలువెత్తు నిదర్శనం డొక్కా సీతమ్మ. ఆమె 1841లో జన్మించి 1909లో కన్నుమూశారు. కోనసీమలోని లంకల గన్నవరంలో ఆమె ఇల్లు గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు అన్నశాల అయింది. పడవ ప్రయాణానికి కచ్చితమైన వేళలు ఉండవు. ఆకలిగొన్నవారు పొద్దుపోయాక కూడా తలుపు తట్టేవారు. అటువంటి వారికి విసుగు చెందక వండి వడ్డించడం వల్లనే ఆమె పేరు తెలుగువారికి ప్రాతఃస్మరణీయమైనది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులలోని మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. అన్నం పెట్టే స్తోమత ఎందరికో ఉంటుంది. వేళ కాని వేళ పొయ్యి వెలిగించే ఓర్పు కొందరికే ఉంటుంది.

అపరిచితులను నమ్మి మోసపోయేవారు ఉన్నారు కదా అని కొందరు ప్రశ్నిస్తారు. ఆ శంక నిర్హేతుకమైనది కాదు. ఏటీఎం వద్ద సహాయం నెపంతో రహస్య సంఖ్య తెలుసుకొని సొమ్ము కాజేసే వంచకుల గురించి వార్తలు వస్తూనే ఉన్నాయి. అయితే జాగ్రత్తకు దయ విరోధి కాదు. తెలియని మనిషికి ఇంటి తాళంచెవి ఇవ్వనక్కరలేదు. అడిగిన దారి మర్యాదగా చెప్పడానికి అడ్డేమీ లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిది అన్న సామెత దానధర్మాలను గురించినది కాదు, మాటతీరును గురించినది.

మరొక ఆక్షేపణ ఇంతకంటే బలమైనది. తన కాలం తన చేతిలో లేనివాడు ఓర్పు ఎట్లా చూపగలడు? కిక్కిరిసిన బస్సులో స్టేజి రాకముందే టికెట్లన్నీ కొట్టవలసిన కండక్టరుకు, నిమిషాల లెక్కన ఇంటింటికీ ఆహారం చేరవేసే యువకునికి, ఒక్కతే పెద్ద వార్డునంతా చూసుకొనే నర్సుకు తొందర అనేది స్వభావం కాదు; ఉద్యోగం నెత్తిన పెట్టిన బరువు. వారి కసురుమాటకు కోపించడం కంటే ఆ బరువును గుర్తించడం వివేకం. ఓర్పు అనే ధర్మం మొదట తీరిక ఉన్నవారికి వర్తిస్తుంది. చల్లారిన భోజనం తెచ్చిన యువకుణ్ణి గుమ్మంలో నిలబెట్టి నిందించేవాడు, ఆ ఆలస్యానికి కారణం ట్రాఫిక్కో వర్షమో అయి ఉండవచ్చునని ఒక్క క్షణం ఆలోచించాలి.

ఈ చిన్న ఓర్పు ఒక్కొక్కప్పుడు ప్రాణసమస్య అవుతుంది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవానికి తొలి గంట అత్యంత విలువైనది. పోలీసు స్టేషను చుట్టూ, కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుందన్న భయంతో చాలామంది వాహనం ఆపకుండా సాగిపోయేవారు. ఆ భయాన్ని తొలగించడానికి రూపొందిన మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు చట్టబలం కల్పించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను చేరింది. సద్బుద్ధితో సహాయపడినవారికి ఈ సెక్షను రక్షణ కల్పిస్తున్నది. 2005 ఆగస్టు 15న నాటి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ నేడు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఒక్క ఫోను పిలుపు దూరంలో ఉంది. చట్టం భయాన్ని పోగొట్టింది. ప్రభుత్వం వాహనాన్ని సమకూర్చింది. అయినా బండి ఆపి, ఫోను చేసి, అంబులెన్సు వచ్చేవరకు క్షతగాత్రుని వద్ద నిలిచే మనిషిని ఏ చట్టమూ సృష్టించలేదు. ఆలస్యం అమృతం విషం అంటారు. తన పని ఆలస్యమైనా సరే అని ఒకడు ఆగినప్పుడే మరొకనికి అందవలసిన చికిత్స ఆలస్యం కాకుండా ఉంటుంది.

ఓర్పు అంటే అన్యాయాన్ని సహించడం అని అపార్థం చేసుకోరాదు. వరుసలో నిలిచిన వృద్ధుణ్ణి తోసి ముందుకు వచ్చేవానిని చూసి మిన్నకుండడం సహనం కాదు, పిరికితనం. వానిని మర్యాదగా నిలువరించి వృద్ధుని చోటు వృద్ధునికి ఇప్పించడమే నిజమైన సౌజన్యం.

కళాశాలకు రోజూ బస్సులో, రైలులో వచ్చి పోయే విద్యార్థులకు ఇటువంటి సందర్భాలు తటస్థిస్తూనే ఉంటాయి. బస్టాండులో ఎదురుచూసే ఆ వృద్ధురాలు మళ్ళీ అడుగుతుంది. “మామ్మా, మీ బస్సు ఇంకా రాలేదు, రాగానే చెబుతాను” అనడానికి పట్టేది క్షణకాలం. ఆ తరువాత బస్సు వచ్చేవరకు గుర్తు పెట్టుకోవడంలోనే అసలైన ఓర్పు ఉంది. ఆమె ఎవరో ఆ విద్యార్థికి తెలియదు. మళ్ళీ కనిపిస్తుందన్న నమ్మకమూ లేదు. ఆమె తిథి చూసుకొని రాలేదు గనుకనే అతిథి.