సగం సామెత

మైపాడు దగ్గర మా ఊరికి వెళ్లినప్పుడల్లా అవ్వ నన్ను మా నాన్న పేరుతో పిలుస్తోంది. అన్నం తిన్న పది నిమిషాలకే "ఇంకా పెట్టలేదేంది?" అంటోంది. మతిమరుపు జబ్బు అన్నారు డాక్టరు. పోయిన వారం వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని, ఆమె మంచం పక్కనే లాప్‌టాప్ తెరిచి కూర్చున్నా.

ఆ రోజు నా కోడ్ చూసిన చైనా కొలీగ్ కామెంట్‌లో నాలుగంటే నాలుగే అక్షరాలు పెట్టాడు. పలికితే 'హువా షె త్యెన్ జూ'. పాము బొమ్మ గీసి దానికి కాళ్లు తగిలించడం అని అర్థం. దీని వెనక పాత కథ ఒకటుంది. పాము బొమ్మ ముందుగా గీసినవాడికే మద్యం అని పందెం. గెలిచినవాడు ఊరుకోకుండా కాళ్లు కూడా గీశాడు. "పాముకి కాళ్లెక్కడివి?" అంటూ పక్కవాడు మద్యం లాక్కుని తాగేశాడు. నేను రాసిన అక్కర్లేని ఫంక్షన్ మీద సెటైర్ అన్నమాట! ఇలాంటి నానుడిని 'చెంగ్యు' అంటారు. ఎక్కువగా నాలుగక్షరాలే ఉంటాయి. చాలావాటికి వెనక కథ తెలిస్తేనే అర్థమవుతుంది.

ఫంక్షన్ పీకేస్తూ "అడుసు తొక్కనేల..." అని గొణుక్కున్నా.

మంచం మీంచి వెంటనే వినిపించింది: "కాలు కడగనేల!"

నా పేరు గుర్తులేని మనిషికి సామెత ఎలా గుర్తుంది? నాకు తట్టిన జవాబు రెండో అక్షరంలో ఉంది. అడుసు, కడగ: రెండింటిలోనూ 'డ'. 'ఆడలేక మద్దెల ఓడు'లోనూ అదే. 'కూటి కోసం కోటి విద్యలు'లో 'ట'. చైనా కవితలో ప్రాస పాదం చివర పడుతుంది. మన పద్యంలో పాదం మొదట్లో, రెండో అక్షరం దగ్గర పడుతుంది. 13వ శతాబ్దంలో మా నెల్లూరు తిక్కన విరాటపర్వం నుంచి 15 పర్వాలు రాశాడు. వాటిలో కందానికైనా ఉత్పలమాలకైనా ఈ లెక్కే. బడి మొహం చూడని మా అవ్వ నోట్లోనూ అదే లెక్క. మా భాషలో చెప్పాలంటే అదొక చెక్‌సమ్. అక్షరం మారితే చెవికి ఎర్రర్ కొడుతుంది.

అయితే ప్రాసకీ గండం ఉంది. ఉచ్చారణ మారితే అది చెడుతుంది. వెయ్యేళ్లు దాటిన టాంగ్ కాలపు కవితల్లో కొన్ని ప్రాసలు ఇవాళ్టి మాండరిన్‌లో చదివితే కలవవు. మన దగ్గర ఏకంగా మాటే పోతోంది. మా అక్క కూతురికి బురద తెలుసు, అడుసు తెలీదు. తెలిసేదెలా? అవ్వ అడుసు తొక్కి నాట్లేసిన మడులు ఇప్పుడు రొయ్యల గుంటలు.

సాయంత్రం కావాలనే "బురద తొక్కనేల..." అని ఆగా. అవ్వ మొహం చిట్లించింది.

"బురద కాదు అబ్బయా, అడుసు!"

కాసేపాగి, "ఇంతకీ నువ్వెవురి పిల్లోడివి?" అనడిగింది.

మీ ఇంట్లో పెద్దోళ్లుంటే ఈ ఆదివారం సగం సామెత చెప్పి ఆగండి. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి పెట్టుకోండి.